జమ్మే కదండీ! రాజోలు దాటాక ఒక చెట్టు కోసం

ఈ ప్రయాణానికి కారణం పదహారు పేజీల ఒక చిన్న పుస్తకం. అమలాపురంలో విత్తనాల కొట్టు ముందు ఎవరో ఉచితంగా పంచుతుంటే తీసుకున్నాను. చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా పారేయడం నా వల్ల కాదు. నా చదువులో సగం అలాంటి కాగితాల మీదే జరిగింది. అందులో ఉన్నదంతా జమ్మి చెట్టు గురించి. వానలు లేని చోట, ఇసుక నేలలో, మిగతా చెట్లు మోడులై నిలబడ్డ ఎండల్లో ఇది కొత్త చిగురు వేస్తుందట. తల్లివేరు నీటిని వెతుక్కుంటూ నిలువునా ఎంతో లోతుకు దిగుతుందట. చిక్కుడు కుటుంబం కాబట్టి గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో పట్టి నేలకిస్తుందట; అందుకే దాని కింద చల్లిన సజ్జ మిగతా చేనుకంటే ఏపుగా లేస్తుందట. ఆకు మేకలకీ ఒంటెలకీ మేత. లేత కాయ మనుషులకు కూర. పండి ఎండిన కాయలో తియ్యటి గుజ్జు. కర్ర పొయ్యిలోకి, ముళ్ళకొమ్మ కంచెకి. కరువు రోజుల్లో బెరడు దంచి పిండి చేసుకుని తిన్నారని కూడా రాశారు. మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేసరికి కోపం వచ్చింది.

ఎందుకంటే, మా కోనసీమలో ఈ చెట్టును ఏడాదికి ఒక్కరోజు తలుచుకుంటాం. దసరా సాయంత్రం ఎవరో ఒక రెమ్మ తెస్తారు, తలా రెండాకులు చేతిలో పెడతారు, పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టిస్తారు, అంతే. పోయిన దసరాకి కొత్తపేటలో మా వీధిలో పంచినవి జమ్మి ఆకులు కావని, సుబాబుల్ ఆకులని, పుస్తకంలో బొమ్మ చూశాక తెలిసింది. వీధి వీధంతా సుబాబుల్‌ను కళ్ళకద్దుకుంది! ఆ రెమ్మ తెచ్చిన పెద్దాయనకు బొమ్మ చూపిస్తే, "ఆకు సన్నంగా ఉందా లేదా బాబూ? మరింకేం?" అన్నారు. ఆ కోపంలోనే ఒక వాయిస్ మెసేజ్ చేసి తెలిసిన గ్రూపులన్నిట్లో పెట్టాను. రెండు నిమిషాల మెసేజ్. మొదటి నిమిషంన్నర జమ్మి చెట్టు గొప్పతనం. చివర ఇలా ముగించాను: "మాకు కావలసింది జమ్మే. మీ ఊళ్ళో ఉంటే ఒక్క ఫోన్ చెయ్యండి, మేమే వస్తాం." మేము అంటే నేనే.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. సూరిబాబు గారని, రాజోలు దాటాక సఖినేటిపల్లి వెళ్ళే దారిలో, కాలవ నీళ్ళు ఆఖరికి చేరే పొలాల రైతు.

"జమ్మే కావాలన్నది తమరేనాండీ?"

"నేనే అండి. మీ ఊళ్ళో ఉందా?"

"ఉందా అంటారేంటండీ! మురుక్కాలవ పొడుగునా జమ్మే. అడివండి బాబూ, అడివి! కావాలంటే బేగా రండి. బుధవారం మిషను పెట్టి మొత్తం పీకించేత్తన్నాం."

"పీకించేస్తారా! ఎన్నేళ్ళ నుంచి ఉందండీ?"

"చానా ఏళ్ళ నించండి. కోసినా వచ్చేత్తది, తగలెట్టినా వచ్చేత్తది. మా మొండిదండి."

నరికినా చిగురిస్తుందని పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది. ఇంకేం అనుమానం? ఫోన్ పెట్టేసి అర్జీ రాశాను. 'మురుక్కాలవ గట్టున తరతరాలుగా ఉన్న అరుదైన జమ్మి వనాన్ని యంత్రాలతో పెకలించే కుట్రను తక్షణం ఆపించాలి' అని మొదలుపెట్టి రెండు పేజీలు. ఏ ఆఫీసు నంబరు దొరికితే ఆ ఆఫీసుకు పంపాను. బుధవారం పొద్దున్నే బయలుదేరాను.

కొత్తపేటలో ఆరున్నర బస్సు ఎక్కితే ముప్పావు గంటలో అమలాపురం. టికెట్ ముప్ఫై చిల్లర. అక్కడ బస్టాండ్ బయట పెసరట్టు తినడానికి ఆగాను. పెనం దగ్గరున్న ఆయన ఖాళీగా కనిపించేసరికి జమ్మి కాయల కూర సంగతి చెప్పాను. ఆయన అట్టు తిరగేస్తూ శ్రద్ధగా విన్నారు. "కాయలు తెండి, వండేద్దాం. ఇగురు పెట్టాలాండీ, పులుసు పెట్టాలా?" అన్నారు. నాకు తెలీదు. పుస్తకంలో 'కూరగా వండుకుంటారు' అని మాత్రమే ఉంది. "అది తెలీకుండా కూరెలా అవుద్దండీ," అని ఆయన అల్లం పచ్చడి ఇంకొంచెం వేశారు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.

అమలాపురం నుంచి రాజోలుకు బస్సులకు కొదవ లేదు. పాశర్లపూడి వంతెన మీద కుడివైపు కూర్చోండి, గోదావరి పాయ వైనతేయ బాగా కనిపిస్తుంది. నేను ఎడమవైపు కూర్చుని అర్జీ మళ్ళీ చదువుకున్నాను. రాజోలులో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి సఖినేటిపల్లి వైపు షేర్ ఆటోలు నిండగానే కదులుతాయి, మనిషికి ఇరవై. అవతల నరసాపురం వెళ్ళాలనుకునేవాళ్ళు ఇదే ఆటోలో రేవు దాకా పోయి పంటు మీద గోదావరి దాటొచ్చు. నేను మధ్యలోనే దిగాలి. జూన్ నెల, మబ్బు పట్టి ఉంది, రెండు రోజులుగా వానలు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన నేనొక్కణ్ణే.

"మురుక్కాలవ దగ్గర దింపండి," అన్నాను.

"మిషను ఆగిపోయిన చోటేనాండీ?"

నా గుండె పొంగింది. "ఆగిపోయిందా?"

"ఆయ్. ఎవడో అర్జీ ఎట్టేడంటండి. ఆఫీసు నించి ఫోనొచ్చిందంట, చెట్ల గొడవ తేలేదాకా పని ఆపమని. పొద్దున్నించీ ఊరంతా ఆణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిడతన్నారు. కొత్తపేటోడంటండి." ఆయన నా వైపు తిరిగారు. "తమరిది ఏ ఊరండీ?"

"ఆలమూరు," అన్నాను.

నిజం కోసం నిలబడేవాడు ఊరి పేరు మార్చకూడదని నాకూ తెలుసు. కానీ ఆటో నడుస్తోంది.

దిగేసరికి గట్టు మీద పది పన్నెండు మంది. పసుపుపచ్చ మిషను చెయ్యి కిందికి దించి నిలబడి ఉంది. దాని పక్కనే ఆపరేటర్ తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. తెల్ల పంచె మోకాళ్ళ పైకి కట్టిన ఒకాయన నన్ను చూసి ఎవరని అడిగారు. నేను గొంతు విప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

"ఈ గొంతేనండీ! జమ్మే కావాలన్న గొంతు ఇదే!" అన్నారు మిగతా వాళ్ళ వైపు తిరిగి. ఆయనే సూరిబాబు గారు. "ఏవండీ, రమ్మని పిలిచింది నేనండి. నా మీదే అర్జీ ఎడతారాండీ?"

"ఎక్కడండీ జమ్మి వనం?" అన్నాను, తగ్గకుండా.

ఆయన చెయ్యి చాపి కాలవ చూపించారు. కాలవ నిండా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, మనిషెత్తు పచ్చటి రెల్లు లాంటి గడ్డి. పైన గోధుమరంగు కండెలు. ఎక్కడా నీళ్ళు కనిపించడం లేదు.

"ఇది జమ్ము కదండీ!" అన్నాను.

"మరదే కదండీ చెప్పింది! జమ్మే కదండీ!"

అప్పుడు అర్థమైంది. తెలుగులో జమ్మి చివర 'ఏ' కలిపినా జమ్మే, జమ్ము చివర కలిపినా జమ్మే. ఒకటి మెట్టనేల చెట్టు, ఇంకొకటి మురుగునీటి గడ్డి. మా ఇద్దరి సంభాషణంతా ఆ ఒక్క 'ఏ' మీద నడిచింది. పాకలు నేసేవాళ్ళో చాపలల్లేవాళ్ళో కోసుకుపోతారు కదా అని ఆయన ఫోన్ చేశారట.

"మెసేజ్ మొదట్లోనే చెట్టని చెప్పాను కదండీ! నిమిషంన్నర చెప్పాను!"

"రెండు నిమిషాలుందండి అది. ఎవరింటారండీ? చివర నొక్కేను."

నాకు ఆయన మీద కోపం, భాష మీద కోపం, ఆ గడ్డి మీద మరీ కోపం. అరవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టు దింపి తన పొలం చూపించారు. వరి ఆకుమడి మీద జానెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. వంగి చూస్తే నీళ్ళ అడుగున తెల్లటి మొలకలు, సూదుల్లా.

"మండె కట్టి మొలకెత్తించిన విత్తనాలండి. చల్లి మూడ్రోజులైంది. ఆ వంపులో జమ్ము అడ్డు పడిపోయి నీరు దిగట్లేదు. ఇయ్యాళ దిగిందా, బతుకుద్ది. రేపైతే మురిగిపోద్ది. మళ్ళీ చల్లడానికి నా దగ్గర గింజ లేదండి," అన్నారు. గొంతులో తిట్టు లేదు. అదే నాకు ఇబ్బందైంది. "మిషను సాయంత్రం అయిదింటికి ఇంకో ఊరు ఎళ్ళిపోద్దండి. మళ్ళీ ఎప్పుడొత్తదో!"

అర్జీ పంపిన నంబర్లన్నిటికీ ఫోన్ చేశాను. నాలుగోది ఎత్తారు, కాలవ పనులు చూసే ఇంజనీరు గారు. పొరపాటైందని, జమ్మి కాదు జమ్ము అని చెప్పాను. ఆయన నాచేత ఆ రెండు మాటలూ ఇంకోసారి చెప్పించారు. తర్వాత నెమ్మదిగా, "ఇదుగో బాబూ. గట్టు మీద జమ్మి చెట్టు లేదని రాసి, సంతకం పెట్టి, ఫోటో పంపించండి. అయిదు నిమిషాల్లో మిషను కదుల్తుంది. ఒకవేళ చెట్టుంటే, దాన్ని తియ్యకుండా పనెలా జరుగుద్దో అదీ తమరే రాయాలి," అన్నారు.

సూరిబాబు గారు కాగితం, పెన్ను తెచ్చారు. మిషను చక్రాల పట్టీ మీద పెట్టుకుని 'గట్టు మీద జమ్మి చెట్టు ఒక్కటి కూడా' అనే వరకు రాశాను. వెనక నుంచి మేక అరిచింది. దాని వెనక ఒక ముసలావిడ గొంతు.

"చెట్టు లేదని ఎవడ్రా రాత్తన్నాడు? ఆ వంపులో మా జమ్మి చెట్టు మీ కళ్ళకి కనపడట్లేదా?"

సూరిబాబు గారు నుదురు కొట్టుకుని, "మంగాయమ్మ గారూ, ఇప్పుడే రావాలాండీ మీరు?" అన్నారు.

వంపు దాకా పరుగెత్తాను. అక్కడ గట్టు పక్కన కొంచెం ఇసుక మెరక ఉంది. దాని మీద, అవును, జమ్మి. పుస్తకంలో బొమ్మ దిగివచ్చినట్టు. బూడిదరంగు బెరడు పగుళ్ళు పగుళ్ళుగా, కొమ్మల మీద పొట్టి ముళ్ళు, ఈనెకు రెండు వైపులా చింతాకుకన్నా చిన్న ఆకులు, మధ్య మధ్య ఎండి వేలాడుతున్న సన్నటి కాయలు. ఇన్ని నీళ్ళ మధ్య ఆ మెట్ట చెట్టు ఎలా బతికిందో! మంగాయమ్మ గారి మామగారు ఎప్పుడో మెట్ట నుంచి మొక్క తెచ్చి, గట్టులో ఎత్తైన చోటు చూసి పాతారట. ఒక కాయ విరిచి నోట్లో వేసుకున్నాను. నిజంగానే తియ్యగా ఉంది! నాకు కళ్ళు చెమర్చాయి.

తల తిప్పి చూస్తే సూరిబాబు గారికీ కళ్ళు చెమర్చాయి, వేరే కారణంతో. చెట్టు కొమ్మలు గట్టుకు అడ్డంగా, మనిషి వంగి దూరేటంత కిందికి పరుచుకున్నాయి. మిషను వంపు దాకా వెళ్ళాలంటే ఈ కొమ్మల్లోంచే పోవాలి.

"బాబూ, లేదని రాసెయ్యండి. సగం రాసేరు కదా," అన్నారాయన మెల్లిగా. "మిషను కొంచెం తగిల్తే అదే పడిపోద్ది. ఎవరడుగుతారండీ?"

"ఉందని అర్జీ పెట్టింది నేను! ఇప్పుడు కళ్ళారా చూసి లేదని రాయనా? చెట్టు మీద చెయ్యి పడనివ్వను!" అని చెట్టు మొదట్లో చతికిలబడ్డాను. ముల్లు గుచ్చుకుని లేచాను. లేచినందుకు అవమానమై మళ్ళీ కొంచెం పక్కకు చూసుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి సూటిగా కనిపించేది ఆకుమడే. నీళ్ళ మీద చిన్న చిన్న అలలు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. గంట పదకొండున్నర. ఇటు చూస్తే చెట్టు, అటు చూస్తే మొలకలు. పుస్తకంలో ఈ పరిస్థితికి పేజీ లేదు.

మంగాయమ్మ గారు నన్ను వింతగా చూశారు. "ఏం నాయనా, అలా కూకున్నావ్? కొమ్మలు కొట్టేత్తే సరి కదా."

"కొమ్మలు కొడతారా!"

"ఏటా కొడతాను. మేకలకి ఏం పెట్టమంటావ్ మరి? కొట్టిన కాడ మళ్ళీ గుత్తులు గుత్తులుగా వత్తాది. కొట్టకపోతేనే బద్ధకిస్తాది ఇది. ఈ యేడు మోకాళ్ళు నొప్పులై ఎక్కలేదు. అందుకే ఇలా ఒరిగిపోయింది."

పుస్తకం తీశాను. పదకొండో పేజీ. కొమ్మలు కొట్టి మేతకు వాడతారని, వేరు నిలువుగా దిగుతుంది కాబట్టి పక్కన నేల కదిలినా చెట్టుకు ఫరవాలేదని ఉంది. నేను 'నరికినా చిగురిస్తుంది' అన్న మాట దగ్గరే ఆగిపోయి, పొగడ్త అనుకుని మిగతాది దాటేశాను. కానీ ఒక మెలిక ఉంది.

"శీతాకాలంలో కొట్టాలని రాశారండీ," అన్నాను.

"మేకలకి శీతాకాలంలోనే ఆకలేత్తాదా?"

పుస్తకం మూసి జేబులో పెట్టాను. కాగితం తిరగేసి కొత్తగా రాశాను: 'గట్టు మీద జమ్మి చెట్టు ఒకటి ఉన్నది. దానిని తొలగించకుండా, అర్జీదారుడే అడ్డమైన కొమ్మలు కొట్టి మిషనుకు దారి ఇచ్చును.' సంతకం పెట్టి పంపాను. 'అర్జీదారుడే' అని ఎందుకు రాశానో నాకు తెలీదు, రోషంలో రాశాను. ఇంజనీరు గారి నుంచి వెంటనే జవాబు: కొడుతున్న ఫోటో పంపండి.

నేను ఆపరేటర్ వైపు చూశాను. "మిషను తోలమంటే తోల్తానండి, ముళ్ళ చెట్టు మాత్రం ఎక్కను," అన్నాడు. సూరిబాబు గారు కత్తి తెచ్చి రెండు చేతులతో, మర్యాదగా, నాకే అందించారు. "చెయ్యి పడనివ్వనన్నారు కదండీ. పడేదేదో తమరిదే పడాలి."

జీవితంలో చెట్టెక్కడం అదే మొదలు. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగి, ఎక్కిన మొదటి చెట్టు ముళ్ళ చెట్టు! పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాను. ఎక్కుతుంటే ఒక్కో ముల్లూ విడివిడిగా పలకరించింది. కింద మంగాయమ్మ గారు కర్రతో చూపిస్తూ, "అది కాదు, కాలవ వేపుది! ఆగాగు, మొదలంటా కొట్టకు, మూరెడు ఉంచు! ఏంటా గుద్దుడు? ఏటవాలుగా కొట్టు, చెట్టుకి నొప్పెడతాది!" అని అరుస్తున్నారు. నాకు పెడుతున్న నొప్పి సంగతి ఎవరూ అడగలేదు. మొదటి కొమ్మ కిందపడగానే ఆవిడ మేకలు ఏడూ దాని మీద పడ్డాయి. సూరిబాబు గారు ఫోన్ పైకెత్తి, "ఇటు చూడండి, కత్తి కనపడాలి!" అన్నారు. చూశాను. ఆ ఫోటోలో నా నోరు తెరుచుకుని ఉంది. నినాదం కాదు, ముల్లు.

గంటంపావు పట్టింది. ఇంజనీరు గారు ఫోటో చూసి, 'నా సర్వీసులో ఇలా తేలిన అర్జీ ఇదొక్కటే' అని రాసి, పని మొదలెట్టమన్నారు. మిషను కొమ్మల కిందనుంచి ఒంగినట్టు దూరి వంపు చేరింది. మొదటి తవ్వుకే ఎడ్లబండెడు జమ్ము వేళ్ళతో సహా లేచింది. నాలుగో తవ్వుకు నీళ్ళు గుబగుబమని కదిలాయి. మూడున్నరకు ఆకుమడి గట్లు బయటపడ్డాయి. నాలుగుంపావుకు సూరిబాబు గారు మడి అంచున కూర్చుని వేలితో ఒక మొలకను తట్టి చూశారు. తెల్లటి సూది చివర పచ్చగా ఉంది. ఆయన లేచి వచ్చి, నా చేతుల మీద గీతలు చూసి, "పసుపెట్టించుకోండి. అన్నం తినకుండా ఎళ్ళకండి," అన్నారు. రొయ్యలు, గోంగూర. రెండుసార్లు పెట్టించుకున్నాను.

తిరుగు బస్సులో చాలాసేపు కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, ఎవరి మీదా రాలేదు. చెట్టును మనుషుల నుంచి కాపాడాలని వెళ్ళాను. ఆ ఊళ్ళో దాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది కత్తి పట్టుకున్న ఒక ముసలావిడ, ఏడు మేకలు. దానికి మొక్కినవాళ్ళెవరూ కాలవ గట్టున దానికి చోటు అడగలేదు. దానితో పనున్న ఆవిడ, లేదని రాస్తుంటే ఊరందరి ముందు అరిచింది. మెట్టనేల చెట్టు నీళ్ళ నడుమ నిలబడడానికి తల్లివేరు ఒక్కటే చాలదు, ఎవరో ఒకరి పొద్దుటి పనిలో అది ఉండాలని నాకు అర్థమైంది. ఇది పుస్తకంలో లేదు. పుస్తకం వేసినవాళ్ళకు రాద్దామనుకుంటున్నాను, ఈసారి ఒక్క పేజీయే.

చెట్టు చూడాలని, విత్తనాలు తెచ్చుకోవాలని వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. కాయలు జూన్‌లో వాటంతటవే రాలతాయి, చెట్టెక్కక్కర్లేదు. చిన్న చిల్లు ఉన్న కాయను వదిలెయ్యండి, లోపల గింజను పురుగు తినేసి ఉంటుంది. ముఖ్యంగా, రాజోలులో మొదటి ఆటోకే బయలుదేరి ఏడులోపు అక్కడ ఉండండి. ఏడు దాటితే మంగాయమ్మ గారి మేకలు వస్తాయి. ఆ తర్వాత మీరు ఎంత ఆదర్శవంతులైనా కింద ఒక్క కాయ మిగలదు.